యామల్ ఫైళ్లను సరిగా రాయడం: గుంటూరు మిర్చి కొట్టు ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

గుంటూరులోనో విజయవాడలోనో ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ పనిలో అడుగుపెట్టే విద్యార్థి సాఫ్ట్‌వేర్‌ను నడిపించే సాధనాలైన డాకర్ కంపోజ్ పట్టుకున్నా, కుబర్నెటీస్ పట్టుకున్నా, ఆన్సిబుల్ లేదా గిట్‌హబ్ యాక్షన్స్ జోలికి వెళ్లినా, అక్కడ సెట్టింగులు ఎక్కువగా యామల్ (ఇంగ్లీషులో YAML, సెట్టింగులను మామూలు పాఠంగా రాసుకునే ఫార్మాట్) ఫైలులోనే ఉంటాయి. బ్రాకెట్లు తక్కువ, వ్యాఖ్యలు రాసుకునే వీలుంది, మనిషి కళ్లకు ఇంపుగా ఉంటుంది. అందువల్ల చాలామంది దీనిని ప్రత్యేకంగా నేర్చుకోకుండా, పాత ఫైలును కాపీ చేసి విలువలు మార్చి పని నడిపిస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మన కంటికి కనిపించే దానికీ, ప్రోగ్రాము చదివి గ్రహించే దానికీ మధ్య తేడా రాగల ఫార్మాట్ ఇది. ఆ తేడా వచ్చినప్పుడు చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టులోనూ ఒకే పద్ధతి పాటిద్దాం: ఫైలు రాయగానే దానిని ప్రోగ్రాముతో చదివించి, ఏ విలువ ఏ రకంగా అందిందో చూద్దాం.

ఉదాహరణకు గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టు లెక్కల ప్రోగ్రామును తీసుకుందాం. సంఖ్యలన్నీ అభ్యాసం కోసం ఊహించినవే. కీలను, అంటే ఒక్కో విలువకు పెట్టే పేర్లను, తెలుగులో రాశాను, ఎందుకంటే యామల్ యూనికోడ్‌ను పూర్తిగా అంగీకరిస్తుంది. డాకర్ వంటి సాధనాలకు రాసేటప్పుడు మాత్రం ఆ సాధనం నిర్దేశించిన ఇంగ్లీషు కీలనే వాడాలి.

మొదటి మెట్టు: సరంజామా

వీఎస్ కోడ్ వంటి ఎడిటర్ తెరిచి మూడు సర్దుబాట్లు చేసుకోండి. ట్యాబ్ నొక్కినప్పుడు రెండు స్పేసులు పడేటట్టు, ఖాళీ స్థలాలు చుక్కలుగా కనిపించేటట్టు, ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలను కూడా భద్రపరిచే ఎన్‌కోడింగ్) సేవ్ అయ్యేటట్టు చూసుకోవాలి. రెడ్ హ్యాట్ వారి యామల్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే అమరిక దోషాలను రాస్తుండగానే చూపిస్తుంది.

తర్వాత పైథాన్‌లో పైయామల్ అనే లైబ్రరీని పిప్ (పైథాన్ లైబ్రరీలను తెచ్చిపెట్టే సాధనం) ద్వారా ఇన్‌స్టాల్ చేయండి. యామల్ మాడ్యూలును ఇంపోర్ట్ చేసి, ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ అని స్పష్టంగా చెప్పి తెరిచి, సేఫ్ లోడ్ అనే ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రాము రాసి పెట్టుకోండి. ఎన్‌కోడింగ్ చెప్పకుండా తెరిస్తే విండోస్‌లో పైథాన్ వేరే ఎన్‌కోడింగ్‌ను ఊహించుకునే అవకాశం ఉంది, అప్పుడు తెలుగు అక్షరాలు చెడిపోతాయి.

ప్రింట్ అయిన ఫలితంలో ఒక సంగతి గమనించడం అలవాటు చేసుకోండి. పైథాన్ స్ట్రింగులను, అంటే అక్షరాల వరుసలను, కొటేషన్ గుర్తుల మధ్య చూపిస్తుంది, సంఖ్యలను గుర్తులు లేకుండా చూపిస్తుంది. ఆ చిన్న గుర్తులే ఇక ముందు మనకు దారి చూపిస్తాయి.

రెండవ మెట్టు: మొదటి ఫైలు

కింది వరుసలను ఉన్నవి ఉన్నట్టుగా రాసి సేవ్ చేయండి.

```
# కొట్టు సెట్టింగులు
ఊరు: గుంటూరు
కొట్టు_సంఖ్య: 117
తెరిచే_వేళ: 09:30
మూసే_వేళ: 18:30
రకాలు:
  - తేజ
  - 334
  - 341
కోల్డ్_స్టోరేజీ:
  గదులు: 4
  ఉష్ణోగ్రత: 6.5
```

యామల్ నిర్మాణమంతా ఇందులో దాదాపు వచ్చేసింది. కీ, కోలన్, ఒక స్పేసు, విలువ: ఇది మ్యాపింగ్. హైఫన్, స్పేసు, విలువ: ఇది లిస్టు. మిగిలినవి విడి విలువలు, అంటే స్ట్రింగులు, సంఖ్యలు, అవును-కాదు విలువలు, శూన్యం (సున్నా కాదు, విలువే లేకపోవడం). మ్యాపింగ్ లోపల లిస్టు, లిస్టు లోపల మ్యాపింగ్ ఎంత లోతుగానైనా పెట్టుకోవచ్చు. హాష్ గుర్తుతో మొదలయ్యేది వ్యాఖ్య.

ఇప్పుడు ఈ ఫైలును మన ప్రోగ్రాముతో చదివించండి. తెరిచే వేళ 09:30 అనే స్ట్రింగుగానే వస్తుంది. మూసే వేళ మాత్రం 1110 అనే సంఖ్యగా వస్తుంది. తేజ స్ట్రింగుగా, 334 సంఖ్యగా వస్తాయి. ఒకే లిస్టులో రెండు రకాల విలువలు చేరినందువల్ల, ఆ రకాలను అక్షర క్రమంలో పేర్చమని పైథాన్‌ను అడిగితే ఎర్రర్ ఇస్తుంది. మిర్చి యార్డులో 334 అనేది ఒక రకం పేరు, దానిని ఎవరూ కూడరు, హెచ్చించరు. ఆ సంగతి మనకు తెలుసు, ఫైలును చదివి విలువలుగా విడదీసే పార్సర్‌కు తెలియదు. దీనికి కారణాన్ని నాలుగవ మెట్టులో వివరంగా చూద్దాం. అంతకంటే ముందు అమరిక సంగతి.

మూడవ మెట్టు: అమరిక

ఏది దేని లోపల ఉందో యామల్ వరుస మొదట్లోని స్పేసులను బట్టి నిర్ణయిస్తుంది. ఒకే స్థాయిలో ఉన్న కీలన్నీ ఒకే నిలువు గీత మీద మొదలవ్వాలి. ఎన్ని స్పేసులన్నది మీ ఇష్టం, రెండు స్పేసులు వాడుకలో స్థిరపడ్డాయి. అమరిక కోసం ట్యాబ్ వాడటాన్ని యామల్ నియమావళి అంగీకరించదు.

కోలన్ తర్వాత స్పేసు మరిచిపోవడం కొత్తవారిలో తరచుగా కనిపించే దోషం. కోలన్‌కు ఆనించి గుంటూరు అని రాస్తే, పార్సర్ ఆ వరుసనంతా ఒకే స్ట్రింగుగా తీసుకుని ముందుకు సాగుతుంది, తర్వాతి వరుసకు చేరాక తికమకపడి అక్కడ ఎర్రర్ చూపిస్తుంది. కాబట్టి ఎర్రర్‌లో చెప్పిన వరుసలో ఏ తప్పూ కనిపించకపోతే, దాని పై వరుసను చూడండి.

వెబ్ పేజీల నుంచి, వాట్సాప్ సందేశాల నుంచి కాపీ చేసిన ముక్కలతో మరో ఇబ్బంది ఉంది. వాటిలో మామూలు స్పేసులాగే కనిపించే నాన్-బ్రేకింగ్ స్పేసు దాగి ఉండవచ్చు, యామల్ దానిని స్పేసుగా పరిగణించదు. అనుమానం వస్తే ఆ వరుసను చెరిపి చేత్తో మళ్లీ టైపు చేయడం అన్నిటికంటే త్వరగా తేలే మార్గం.

నాలుగవ మెట్టు: విలువల రకాలు

యామల్ నేర్చుకోవడంలో ఎక్కువ సమయం వెచ్చించవలసినది ఇక్కడే. కొటేషన్ లేకుండా రాసిన విలువ ఏ రకమో పార్సర్ దాని రూపాన్ని బట్టి ఊహిస్తుంది. ఆ ఊహకు నియమాలున్నాయి, ఆ నియమాలు కాలంతోపాటు మారాయి. క్లార్క్ ఎవాన్స్ 2001లో ప్రతిపాదించి, ఇంగీ డాట్ నెట్, ఓరెన్ బెన్-కికీలతో కలిసి రూపొందించిన ఈ ఫార్మాట్‌కు 1.0 నియమావళి 2004లో, 1.1 నియమావళి 2005లో, 1.2 నియమావళి 2009లో వచ్చాయి. 2021లో వెలువడిన 1.2.2 పాత నియమాలను మార్చలేదు, వివరణను మెరుగుపరిచింది. పైయామల్ నేటికీ 1.1 నియమాలనే అనుసరిస్తుంది, రుయామెల్ వంటి లైబ్రరీలు 1.2ను అనుసరిస్తాయి. కాబట్టి ఒకే ఫైలును రెండు సాధనాలు రెండు రకాలుగా చదవవచ్చు. మీ సాధనం ఏ నియమావళిని పాటిస్తుందో మొదటే తెలుసుకోండి.

మూసే వేళ 1110 ఎందుకయిందంటే, 1.1 నియమావళిలో కోలన్‌తో విడదీసిన అంకెలను అరవై ప్రాతిపదిక సంఖ్యగా చదివే పద్ధతి ఉంది. 18ని 60తో హెచ్చించి 30 కలిపితే 1110. ఉదయం వేళ తప్పించుకోవడానికి కారణం దాని ముందున్న సున్నా, ఆ పద్ధతిలో సంఖ్య సున్నాతో మొదలవ్వకూడదు. ఇటువంటి దోషం ఉదయం వేళలతో పరీక్షించినంత సేపూ బయటపడదు. డాకర్ కంపోజ్‌లో పోర్టు సంఖ్యల జతలను కొటేషన్లలో పెట్టమని సలహా ఇచ్చేది కూడా ఇందుకే. 1.2 నియమావళి ఈ పద్ధతిని తొలగించింది.

సున్నాతో మొదలయ్యే సంఖ్యలకు వేరే ఇబ్బంది. 0712 అనే లాటు సంఖ్యను పైయామల్ ఎనిమిది ప్రాతిపదికగా భావించి 458 అని చదువుతుంది. 1.2 పార్సర్ సున్నాను వదిలేసి 712 అంటుంది. గుంటూరు ఎస్‌టీడీ కోడ్ 0863, విజయవాడది 0866. వీటిలో 8 అనే అంకె ఉన్నందువల్ల అవి ఎనిమిది ప్రాతిపదిక సంఖ్యలు కాలేవు, కాబట్టి పైయామల్ వాటిని స్ట్రింగులుగానే ఉంచుతుంది. అవే కోడ్‌లు 1.2 పార్సర్ చేతిలో 863, 866 అవుతాయి. లాటు సంఖ్య, ఫోన్ నంబరు, పిన్ కోడ్, ఆధార్ సంఖ్య వంటివన్నీ గుర్తింపు కోసం వాడే అంకెల వరుసలు, లెక్కకు వాడే సంఖ్యలు కావు. వాటిని ఎప్పుడూ కొటేషన్లలోనే రాయండి. 1.10 అనే వెర్షన్ సంఖ్య కొటేషన్ లేకపోతే 1.1గా మారిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

అవును-కాదు విలువలను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో ట్రూ, ఫాల్స్ అనే మాటలుగా రాయాలి. తెలుగు లిపిలో రాస్తే అవి కేవలం స్ట్రింగులు. 1.1 నియమావళి ఇంగ్లీషులో రాసిన ఎస్, నో, ఆన్, ఆఫ్ అనే మాటలను కూడా అవును-కాదులుగానే తీసుకుంటుంది. మిర్చి ఎగుమతి చేసే దేశాలకు రెండక్షరాల సంకేతాలతో లిస్టు రాస్తే, నార్వే సంకేతమైన ఎన్, ఓ అనే రెండక్షరాలు ఫాల్స్‌గా మారేది ఈ నియమం వల్లనే. గిట్‌హబ్ యాక్షన్స్ ఫైలులోని ఆన్ అనే కీని పైయామల్‌తో చదివితే, ఆ కీ స్థానంలో ట్రూ కనిపిస్తుంది.

కోలన్ తర్వాత ఏమీ రాయకపోతే దానిని ఖాళీ స్ట్రింగు అనుకోకండి, యామల్ లెక్కలో అది శూన్యం. ఖాళీ స్ట్రింగు కావాలంటే రెండు కొటేషన్ గుర్తులు పక్కపక్కన పెట్టాలి. సంవత్సరం, నెల, రోజు క్రమంలో 2025-01-14 అని రాస్తే పైయామల్ దానిని తేదీగా మారుస్తుంది, మనం మామూలుగా రాసే 14-01-2025 స్ట్రింగుగా ఉండిపోతుంది. తెలుగు అంకెలతో ౩౩౪ అని రాసినా అది స్ట్రింగే. లక్షల లెక్కలో కామాలు పెట్టి 1,25,000 అని రాస్తే మామూలు వరుసలో అది స్ట్రింగు. చదరపు బ్రాకెట్ల లిస్టులో రాస్తే మాత్రం ఆ కామాలు విడదీసే గుర్తులై, ఒక విలువ మూడు విలువలవుతుంది. లెక్కకు వాడే సంఖ్యలను కామాలు లేకుండా రాయాలి.

ఇప్పుడు మన ఫైలులో మార్చవలసిన వరుసలు ఇలా ఉండాలి.

```
తెరిచే_వేళ: "09:30"
మూసే_వేళ: "18:30"
రకాలు:
  - "తేజ"
  - "334"
  - "341"
```

తేజకు కొటేషన్లు అవసరం లేదు. అయినా ఒక లిస్టులో కొన్నింటికి పెట్టి కొన్నింటికి మానేస్తే, తర్వాత 273 అనే రకాన్ని చేర్చేవారు ఏ పద్ధతి పాటించాలో తెలియక తప్పు చేస్తారు. స్ట్రింగుల లిస్టులో అన్నింటికీ పెట్టడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం.

ఐదవ మెట్టు: కొటేషన్లు, ప్రత్యేక గుర్తులు

ఒంటి కొటేషన్ల మధ్య రాసినది ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది. లోపల ఒంటి కొటేషన్ గుర్తే కావాలంటే దానిని రెండుసార్లు రాయాలి. జంట కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేక అర్థం ఉంటుంది. విండోస్ ఫోల్డరు దారిని జంట కొటేషన్లలో పెడితే, బ్యాక్‌స్లాష్ తర్వాత ఇంగ్లీషు ఎన్ అక్షరం వచ్చిన చోట కొత్త వరుస మొదలవుతుంది. ఫోల్డరు దారులకు ఒంటి కొటేషన్లే తగినవి.

నిశ్శబ్దంగా సమాచారాన్ని మింగేసే గుర్తు హాష్. చిరునామాలో గది తర్వాత స్పేసు ఇచ్చి #4 అని రాస్తే, అక్కడి నుంచి వ్యాఖ్య మొదలై, చిరునామా గది అనే మాట దగ్గర ఆగిపోతుంది. స్పేసు లేకుండా గది#4 అని రాస్తే ఏ ఇబ్బందీ లేదు. విలువ మధ్యలో కోలన్, స్పేసు కలిసి వస్తే మాత్రం ఎర్రర్ వస్తుంది కాబట్టి అది వెంటనే తెలిసిపోతుంది. ఎట్, పర్సంట్, నక్షత్రం, యాంపర్‌శాండ్, ఆశ్చర్యార్థకం వంటి గుర్తులతో మొదలయ్యే విలువలనూ కొటేషన్లలో పెట్టాలి.

ఆరవ మెట్టు: పొడవైన వాక్యాలు

```
తూకం_గమనిక: |
  తేమ చూసిన టిక్కీలనే తూకానికి పంపాలి.
  తూకం చీటీ రెండు ప్రతులు రాయాలి.
రైతుకు_సందేశం: >
  మీ సరుకు తూకం పూర్తయింది.
  చీటీ కోసం కొట్టుకు రండి.
```

నిలువు గీత గుర్తు పెడితే వరుసలు విడివిడిగానే ఉంటాయి. గ్రేటర్ దాన్ గుర్తు పెడితే వరుసల మధ్య విరుపు స్పేసుగా మారి, అంతా ఒకే వరుసగా వస్తుంది. రెండింటిలోనూ చివర ఒక కొత్త వరుస గుర్తు మిగులుతుంది. అది వద్దనుకుంటే గుర్తు పక్కనే హైఫన్ చేర్చాలి, చివరి ఖాళీ వరుసలన్నీ ఉంచాలంటే ప్లస్ చేర్చాలి. పాస్‌వర్డ్ వంటి విలువను ఈ పద్ధతిలో రాసి హైఫన్ పెట్టకపోతే, చివరి కొత్త వరుస గుర్తు కూడా పాస్‌వర్డ్‌లో భాగమై లాగిన్ విఫలమవుతుంది.

ఏడవ మెట్టు: ఒకసారి రాసి పలుచోట్ల వాడటం

```
మామూలు: &1
  ఉష్ణోగ్రత: 6
  తనిఖీ_గంటలు: 12
గది_ఒకటి:
  <<: *1
గది_రెండు:
  <<: *1
  తనిఖీ_గంటలు: 6
```

యాంపర్‌శాండ్‌తో ఒక భాగానికి పేరు పెట్టి, నక్షత్రంతో దానిని మళ్లీ పిలవవచ్చు. ఇక్కడ పేరుగా 1 అనే అంకెను వాడటానికి కారణం ఉంది: 1.2 నియమావళి తెలుగు పేర్లను అంగీకరించినా, పైయామల్ ఈ చోట ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప మరేవీ ఒప్పుకోదు. రెండు లెస్ దాన్ గుర్తులతో చేసే విలీనం 1.2 నియమావళిలో భాగం కాదు, అయినా చాలా సాధనాలు దానిని ఇప్పటికీ ఆదరిస్తున్నాయి. విలీనం పై స్థాయి కీలకే వర్తిస్తుంది. లోపలి మ్యాపింగ్‌లో ఒక్క కీని మార్చాలని మళ్లీ రాస్తే, ఆ లోపలి మ్యాపింగ్ మొత్తం మారిపోతుంది. ఈ సదుపాయాన్ని పొదుపుగా వాడాలి, ఎందుకంటే ఫైలు చదివేవారు ప్రతి నక్షత్రానికీ పైకి వెళ్లి వెతుక్కోవలసి వస్తుంది.

ఎనిమిదవ మెట్టు: తెలుగు రాతలో జాగ్రత్తలు

తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి. స్టాక్ అనే కీని ఒకరు ఆ గుర్తుతో, మరొకరు గుర్తు లేకుండా రాస్తే, రెండూ తెర మీద ఒకే విధంగా కనిపిస్తాయి, యామల్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు కీలు. మన ప్రోగ్రాము ప్రింట్ చేసిన ఫలితంలో పైథాన్ ఆ గుర్తును బ్యాక్‌స్లాష్, యూ అక్షరం, తర్వాత ఒక సంకేతంగా బయటపెడుతుంది కాబట్టి, ఎడిటర్‌లో కనిపించనిది అక్కడ దొరుకుతుంది. కీల పేర్లను పొల్లుతో ముగియని మాటలుగా ఎంచుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. సరుకు, గదులు, వేళ వంటి అచ్చుతో ముగిసే మాటలకు మన భాషలో కొదవ లేదు.

విజయవాడ డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం చేతిలో ఉంటే, దానిని నేరుగా ఫైలులో అతికించవద్దు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అతికించాక అర్థం లేని గుర్తుల వరుస మిగులుతుంది. ముందుగా కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, అక్షర దోషాలు సరిచూసుకోవాలి.

తొమ్మిదవ మెట్టు: భద్రత, తనిఖీ

బయటి నుంచి వచ్చిన ఫైలును ఎప్పుడూ సేఫ్ లోడ్‌తోనే చదవాలి. పైథాన్ వస్తువులను సృష్టించమని చెప్పే ట్యాగులను యామల్‌లో రాయవచ్చు, భద్రత లేని లోడర్ వాటిని చదివితే ఎదుటివారి కోడ్ మీ కంప్యూటరులో నడుస్తుంది. 2021లో వచ్చిన పైయామల్ 6.0 నుంచి, లోడ్ ఫంక్షన్‌కు ఏ లోడర్ వాడాలో చెప్పడం తప్పనిసరి అయింది.

ఒకే కీ రెండుసార్లు ఉండకూడదని నియమావళి చెబుతున్నా, పైయామల్ ఏ హెచ్చరికా లేకుండా చివరి విలువను తీసుకుంటుంది. పొడవైన ఫైలులో ఇది కనిపెట్టడం కష్టం. యామల్‌లింట్ అనే సాధనం దీనిని పట్టుకుంటుంది, అమరిక తేడాలను, ట్రూ-ఫాల్స్‌ల స్థానంలో రాసిన ఎస్-నోలను కూడా చూపిస్తుంది. అయితే 334 ఒక పేరన్న సంగతి యామల్‌లింట్‌కు తెలియదు. అందుకు జేసాన్ స్కీమా రాయాలి. రకాలు అనేది స్ట్రింగుల లిస్టు అనీ, ఉష్ణోగ్రత సంఖ్య అనీ, ఊరు తప్పనిసరి అనీ అందులో ఒకసారి నిర్దేశిస్తే, ప్రోగ్రాము మొదలవ్వగానే చదివిన విలువలను దానితో సరిపోల్చి, తేడా ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. వేలం మధ్యలో లెక్క తప్పడం కంటే, ఉదయం కొట్టు తెరవగానే ప్రోగ్రాము ఆగి కారణం చెప్పడం మేలు.

పదవ మెట్టు: ప్రోగ్రాముతో ఫైలు రాయించడం

సెట్టింగులను ప్రోగ్రామే మార్చి తిరిగి రాయవలసి వస్తే పైయామల్‌లో డంప్ అనే ఫంక్షన్ ఉంది. అలో యూనికోడ్ అనే ఎంపికకు ట్రూ ఇవ్వకపోతే, తెలుగు అక్షరాలన్నీ బ్యాక్‌స్లాష్ సంకేతాలుగా మారి మనిషి చదవలేని ఫైలు తయారవుతుంది. సార్ట్ కీస్ అనే ఎంపికకు ఫాల్స్ ఇవ్వకపోతే, మనం రాసుకున్న వరుస పోయి కీలు అక్షర క్రమంలో పడతాయి. 18:30, 334 వంటివి ప్రోగ్రాములో స్ట్రింగులుగా ఉంటే, వాటికి కొటేషన్లను డంప్ తానే చేరుస్తుంది, కాబట్టి ఏ విలువకు కొటేషన్లు అవసరమో తెలియనప్పుడు దానిని డంప్ చేయించి చూడటం కూడా ఒక మంచి పరీక్ష. వ్యాఖ్యలు మాత్రం పైయామల్ చేతిలో నిలవవు, ఒకసారి చదివి తిరిగి రాస్తే అన్నీ పోతాయి. వ్యాఖ్యలు, వరుస క్రమం అలాగే ఉండాలంటే రుయామెల్ లైబ్రరీ వాడండి. అది 1.2 నియమావళిని పాటిస్తుంది కాబట్టి, మారిన రోజున సున్నాతో మొదలయ్యే విలువలన్నింటినీ మరొకసారి చదివించి చూసుకోండి.